రోలు 62, తలలు 47: మున్సిపల్ బడిని లెక్కలతో చదవడం ఎలా

బీఈడీ చదివే ఒక అమ్మాయి ప్రాజెక్టు పని మీద మా ఇంటికి వచ్చింది. నెల్లూరు టౌన్లో మున్సిపల్ బళ్ల హాజరు మీద రాయాలంట. బళ్ల వివరాలన్నీ సర్కారు పెట్టే యూడైస్ వెబ్‌సైటులోంచి ఆరు బళ్ల కాగితాలు ప్రింటు తీసుకుని, ఎక్సెల్లో పట్టిక కట్టి, రంగురంగుల గ్రాఫులు కూడా వేసుకొచ్చింది. "ఇంకేముంది సార్, రాసేయడమే" అంది.

నేను ఇరవై తొమ్మిదేళ్లు లెక్కల మాస్టరుగా పనిచేశాను, చివరి మూడేళ్లు ఇన్‌చార్జి హెడ్మాస్టరుగా (హెచ్ఎం) కూడా. ఆమె గ్రాఫుల్లో ఉన్న అంకెల్లాంటివి నా చేత్తో ఎన్నిసార్లు నింపి పంపానో లెక్కలేదు. అందుకే "గురువారం నాతో రామ్మా, ఒక బడికి పోయొద్దాం" అన్నాను.

టౌన్లోనే ఒక ప్రాథమిక బడి. పేరు వద్దు. రోలు, అంటే బడిలో పేరు నమోదైనవాళ్లు, 62. ఆ రోజు హాజరు పట్టీలో 58 మంది వచ్చినట్టుంది. మధ్యాహ్న భోజనం రిజిస్టర్లో 55. రెండున్నరకి మేమిద్దరం తరగతి తరగతికీ పోయి తలలు లెక్కపెడితే 47.

ఆ అమ్మాయి కళ్లు పెద్దవి చేసింది, దొంగను పట్టుకున్నట్టు. ఆగమన్నాను. 58కీ 47కీ మధ్య ఉన్న పదకొండు మందినీ పేరుపేరునా వెతికాం. ఐదుగురు ఒకటో తరగతి పిలకాయలు అన్నం తినగానే ఇంటికి పోయారు. వాళ్లకు మధ్యాహ్నం నిద్ర ఆగదు, టీచరమ్మ కూడా పట్టుబట్టదు. ఇద్దరు ఆడపిల్లలు పక్కనున్న అంగన్‌వాడీలో తమ్ముళ్ల దగ్గర కూర్చున్నారు. ఒకడు జిరాక్సు షాపుకి పోయాడు. మిగిలిన ముగ్గురూ ఆ రోజు అసలు రాలేదు, అయినా పట్టీలో వచ్చినట్టు పడింది. 58లోంచి ఆ ముగ్గురినీ తీస్తే 55. అన్నం రిజిస్టరు రాసిన లెక్కా అదే.

చూశారా, నాలుగు అంకెలూ నాలుగు పొద్దుల్లో, నాలుగు అవసరాల కోసం పుట్టినవి. అబద్ధం ఉన్నది ముగ్గురి దగ్గరే. మిగతా తేడా అంతా పొద్దు తేడా. ఈ పని నేర్చుకోవాలనుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే: ఏ అంకె కనిపించినా దాన్ని ఎవరు రాశారు, ఎన్ని గంటలకు రాశారు, దాన్ని బట్టి ఎవరికేం వస్తుంది లేదా పోతుంది అని అడగండి. ఆ ముగ్గురికి హాజరు ఎందుకు పడిందో నాకు తెలుసు. అమ్మ ఒడి రోజుల్లో డెబ్బై ఐదు శాతం హాజరుంటేనే తల్లి ఖాతాలో డబ్బు పడేది. తల్లి గుమ్మంలో నిలబడి కళ్లనీళ్లు పెట్టుకుంటే ఎర్ర సున్నా చుట్టాల్సిన చోట చెయ్యి ఆగిపోయేది. నేనూ అట్లా రాసినవాణ్నే. దాచుకోవడం ఎందుకు?

రికార్డుల్లో దేన్ని ఎంత నమ్మాలి

బడిలో చాలా రిజిస్టర్లుంటాయి. అన్నీ అడిగితే హెచ్ఎంకి టెన్షన్, మీకు దుమ్ము. మీ పనికి కావాల్సినవి నాలుగే: అడ్మిషన్ రిజిస్టరు, హాజరు పట్టీలు, భోజనం రిజిస్టరు, మార్కుల రిజిస్టరు. టీసీ పుస్తకం కూడా దొరికితే అదృష్టం.

వీటిలో నాకు ఇష్టమైనది అడ్మిషన్ రిజిస్టరు. పొడుగాటి పుస్తకం, అట్టకు కాలికో గుడ్డ, చాలా బళ్లలో వెన్ను ఊడిపోయి ఉంటుంది. ఒక్కో పిల్లవాడికి ఒక్క వరస. ప్రవేశ సంఖ్య, పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, కులం, మాతృభాష, పుట్టుమచ్చలు, చేరిన తేదీ, చేరిన తరగతి. పేజీకి కుడి చివర బడి వదిలిన తేదీ, కారణం, టీసీ నంబరు. మీకు కావాల్సిన కథంతా ఆ కుడి చివరే ఉంటుంది. కొన్ని వరసల్లో ఎర్ర సిరాతో "వేరే బడికి" అని ఉంటుంది. కొన్నిట్లో "తల్లిదండ్రుల వలస" అని ఉంటుంది. కొన్నిట్లో ఏమీ ఉండదు. ఆ ఖాళీ గళ్లను జాగ్రత్తగా లెక్కపెట్టండి. చేరినట్టు ఉండి, వెళ్లినట్టు లేకుండా, ఏ తరగతి హాజరు పట్టీలోనూ కనిపించని పేర్లు అవి.

పుట్టిన తేదీల గడిని మాత్రం నమ్మొద్దు. పాత రిజిస్టరు ఏదైనా తెరిచి, ఒక పేజీలో జూన్ నెలలో పుట్టినవాళ్లు ఎంతమందో చూడండి. ఒకసారి నేను లెక్కపెడితే ఇరవై నాలుగు పేర్లలో పదకొండు జూన్‌లోనే వచ్చాయి. నెల్లూరు పిల్లలంతా జూన్‌లో పుట్టరు కదా! బడి తెరిచే నెలకి ఐదేళ్లు నిండినట్టు చూపించాలి, తల్లికేమో తేదీ గుర్తులేదు, "రొట్టెల పండగ అయిన వారానికి పుట్టాడు సార్" అంటుంది. నెల్లూరు దర్గా దగ్గర జరిగే రొట్టెల పండగ మొహర్రంతో పాటు ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఇక మాస్టరు ఏం రాస్తాడు, జూన్ ఒకటి అని రాస్తాడు. ఇప్పుడు పుట్టిన సర్టిఫికెట్లు, ఆధార్ వచ్చాక ఇది తగ్గింది. కానీ పదేళ్ల కిందటి పిల్లల వయసు బట్టి "ఇంతమంది వయసుకు మించిన తరగతిలో ఉన్నారు" అని తేల్చేటప్పుడు ఆరు నెలలు అటూ ఇటూ వదిలేయండి.

భోజనం రిజిస్టరు ఒక విధంగా హాజరు పట్టీకి కాపలా. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి పూటకి 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి పైన 150 గ్రాములు. నెలలో ఖర్చయిన బియ్యాన్ని ఆ లెక్కన భాగించి, రిజిస్టర్లో రాసిన భోజనాల సంఖ్యతో పోల్చండి. ఎప్పుడూ గ్రాము తేడా లేకుండా సరిపోతుంటే సంతోషించకండి. తూకం వేసి వండేవాళ్లకు అట్లా సరిపోదు. బియ్యం లెక్కను వెనక నుంచి కట్టినట్టు అర్థం. గుడ్ల లెక్క కొంచెం నయం, గుడ్డును సగం చేసి రాయలేరు. అన్నం వండే అక్కను అడిగితే ఇంకా నయం. ఎంతమందికి ఎసరు పెట్టాలో ఏ రిజిస్టరూ చూడకుండా ఆమె చెబుతుంది.

యూడైస్ అంకెలు వాడేటప్పుడు

నగరంలో ఏ బళ్లున్నాయో తెలియడానికి ఇంతకంటే మంచి జాబితా లేదు. ప్రతి బడికీ పదకొండు అంకెల కోడు ఉంటుంది. మొదటి రెండూ రాష్ట్రం, మనకు 28. తర్వాత రెండు జిల్లా, రెండు మండలం, మూడు ఊరు లేదా వార్డు, చివరి రెండూ బడి. పాత నెల్లూరు జిల్లా బళ్లకు 2819తోనూ, ప్రకాశం బళ్లకు 2818తోనూ మొదలయ్యేది. ఎక్సెల్లో పెట్టేటప్పుడు ఆ గడిని ముందే టెక్స్ట్‌గా మార్చుకోండి. లేకపోతే పదకొండు అంకెలూ నలిగిపోయి 2.8 పక్కన ఈ ప్లస్ పది అని కనిపిస్తుంది. రెండు పట్టికలు కలిపేటప్పుడు బడి పేరుతో కలపొద్దు, కోడుతోనే కలపండి. "మున్సిపల్ ప్రైమరీ స్కూల్" అని పేరున్న బళ్లు ఒక్క నెల్లూరులోనే ఎన్నున్నాయో తెలుసా?

తర్వాత యాజమాన్యం గడి చూడండి. నగరంలో సర్కారు డబ్బుతో నడిచే బడులన్నీ మున్సిపల్ బడులు కావు. నేరుగా ప్రభుత్వానివైన బడులు, ఎయిడెడ్ బడులు (యాజమాన్యం ప్రైవేటుది, జీతాలు సర్కారువి) ఉన్నాయి. కార్పొరేషన్‌లో కలిసిన చుట్టుపక్కల ఊళ్లలో జిల్లా పరిషత్ బడులు అట్లాగే ఉన్నాయి. 2021లో ఎయిడెడ్ సంస్థల మీద ఉత్తర్వులు వచ్చినప్పుడు చాలామంది పిల్లలు బడి మారాల్సి వచ్చింది. ఆ ఏడాది ఏ మున్సిపల్ హైస్కూల్లోనైనా రోలు ఒక్కసారిగా పెరిగితే "నాణ్యత పెరిగింది కాబట్టి చేరారు" అని రాసేముందు, పక్క వీధిలో ఎయిడెడ్ బడి ఏమైందో కనుక్కోండి.

ఏళ్ల వరస కట్టేవాళ్లు 2022 దగ్గర ఆగాలి. ఆ ఒక్క ఏడాదిలో అన్నీ కదిలాయి. ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టారు. కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు వచ్చింది, గూడూరు, సూళ్లూరుపేట తిరుపతికి పోయాయి. కాబట్టి జిల్లా మొత్తం అంకెను అటూ ఇటూ పోల్చొద్దు. నగరం మటుకు, వార్డు మటుకు పోల్చుకోండి. జీవో 117తో మూడు, నాలుగు, ఐదు తరగతులను చాలా చోట్ల దగ్గర్లోని హైస్కూళ్లకు పంపారు. ప్రాథమిక బడిలో నూరు మంది నలభై అయ్యారంటే అరవై మంది కాన్వెంటుకు పోయినట్టు కాదు, రోడ్డు దాటి హైస్కూలుకు పోయినట్టు. 2025లో ఆ జీవో రద్దయి మళ్లీ బళ్ల రకాలు మారాయి. ఇవి చాలవన్నట్టు 2022-23 నుంచి యూడైస్‌లో బడి మొత్తం అంకెకు బదులు ఒక్కో పిల్లవాడి వివరం విడివిడిగా ఎక్కించడం మొదలైంది. రెండు బళ్లలో పేరున్న పిల్లలు అప్పుడు ఒక్కరయ్యారు. రోలు తగ్గితే బడి మానేసినట్టు కాదు, దొంగ లెక్క పోయినట్టు కూడా కావచ్చు. మునుపటి అంకెలు చాలా ఏళ్లు సెప్టెంబరు 30 నాటివి. జూన్‌లో మీరు పోయి చూసిన అంకెతో అది కలవకపోతే గాభరా పడొద్దు.

పదో తరగతి ఫలితాల మీద ఒక్క మాట. 2020, 2021లో పరీక్షల్లేవు, అందరూ పాసే. 2022లో రాష్ట్రమంతా కలిపి 67.26 శాతం వచ్చింది. ఈ మూడేళ్లనీ వరసగా గీసి "పడిపోయింది" అని రాసిన ప్రాజెక్టులు నేనే రెండు దిద్దాను. పైగా పదకొండు పేపర్లు ఏడయ్యాయి, తర్వాత ఆరయ్యాయి.

అనుమతి, కాగితాలు

జిల్లా విద్యాధికారి (డీఈఓ) పేరున ఒక ఉత్తరం, నకళ్లు మండల విద్యాధికారికి (ఎంఈఓ), హెచ్ఎంకి. మున్సిపల్ బళ్లకు ఒక చిక్కుంది. 2022లో పర్యవేక్షణ విద్యాశాఖ చేతికి పోయింది గానీ భవనాలూ స్థలాలూ మున్సిపాలిటీవే. భవనం పాత కాగితాలు కార్పొరేషన్ ఆఫీసులో, పిల్లల కాగితాలు విద్యాశాఖ వైపు ఉంటాయన్నమాట. నెల్లూరు మున్సిపాలిటీ పుట్టింది 1866లో. బడి మరీ పాతదైతే, పాత కౌన్సిలు తీర్మానాలు చూపించమని కార్పొరేషన్ వాళ్లను మర్యాదగా అడగండి.

ఉత్తరంలో "లోపాలను అధ్యయనం చేయుటకు" అని రాయకండి. ఎవరు తలుపు తీస్తారు? ఏ రిజిస్టర్లు, ఏ ఏళ్లవి, ఎన్ని రోజులు కూర్చుంటారు, పేర్లు రాసుకోరు అనే సంగతులు మాత్రం రాయండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మండల స్థాయి ఆఫీసుకైతే 5 రూపాయలు, జిల్లా స్థాయికైతే 10, జవాబుకి 30 రోజులు. "హాజరు ఎందుకు తక్కువ?" అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే అది సమాచారం కాదు. "ఫలానా బడి, ఫలానా నెల భోజనం రిజిస్టరు నకలు" అని అడిగితే ఇవ్వాలి. అయినా నా మాట వింటే అర్జీ చివరికి పెట్టుకోండి. అర్జీ పడిన బడిలో తర్వాత టీ కూడా ఇవ్వరు.

రిజిస్టరు ఫొటోలు తీయొద్దు. ఆధార్, కులం, ఫోను నంబరు అన్నీ అందులో పడతాయి. పిల్లవాడికి మీరే ఒక నంబరు ఇచ్చుకుని నోట్‌బుక్కులో రాసుకోండి. పేరూ నంబరూ కలిపిన కాగితం ఒక్కటే ఉండాలి, అది ఇంట్లో బీరువాలో ఉండాలి.

సర్వే ఎందుకు, ఎక్కడ

రికార్డులు బడిలో ఉన్న పిల్లల సంగతే చెబుతాయి. బడిలో లేనివాడి మాట ఇంటి దగ్గరే తెలుస్తుంది. పల్లెలకైతే 2005 నుంచి అసర్ సర్వే ఇంటింటికీ పోయి పిల్లల చేత చదివిస్తోంది. అది పల్లెల సర్వే, టౌన్ల జోలికి రాదు. కాబట్టి నెల్లూరుకో ఒంగోలుకో కావాలంటే మనమే తిరగాలి.

నా మొదటి సర్వే నవ్వులపాలైంది. ఉదయం పదకొండింటికి పోయాం. ఇళ్లల్లో ముసలమ్మలు తప్ప ఎవరూ లేరు. "మా మనవడా, ఏదో చదువుతుండాడు నాయనా, రెండో మూడో" అని ఒకామె చెబితే అదే రాసుకొచ్చాం. తర్వాత చూస్తే వాడు ఏడు! ఇళ్లల్లో పనికీ షాపులకీ పోయిన తల్లులు తిరిగొచ్చేది సాయంత్రం ఆరు దాటాకే. ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా తిరగండి, ఆదివారం ఉదయం తిరగండి. రొట్టెల పండగ వారంలో మాత్రం ఇటు సర్వేకీ, అటు బడిలో తలలు లెక్కపెట్టడానికీ పోవద్దు. దర్గా చుట్టుపక్కల పిల్లలు సగం మంది అంగళ్ల దగ్గరుంటారు. చదువు రావాలని మొక్కుకుని తీసుకునే చదువు రొట్టె కోసం చెరువులో నిలబడే జనం ఒక పక్క, ఆ జనానికి నీళ్ల ప్యాకెట్లు అమ్మడానికి బడి మానిన పిల్లలు ఒక పక్క. అది చూడాల్సిందే, కానీ మామూలు రోజు లెక్క కాదు. తలల లెక్కకు మంగళ, బుధ, గురువారాలు మంచివి, వేరువేరు వారాల్లో కనీసం మూడుసార్లు.

ఎన్ని ఇళ్లు అడగాలి అని అందరూ అడుగుతారు. మోటు లెక్క ఒకటుంది: ఒకటిని ఇళ్ల సంఖ్య వర్గమూలంతో భాగించండి. నూరు ఇళ్లయితే పదో వంతు, అంటే మీకు వచ్చిన శాతం పది పాయింట్లు అటూ ఇటూ ఊగుతుంది. నాలుగు వందలయితే ఐదు. ఒకే వీధిలో నూరు ఇళ్లు తిరిగితే ఇంకా ఎక్కువ ఊగుతుంది, ఒక వీధి వాళ్లంతా ఒకే తీరుగా ఉంటారు కాబట్టి. నెల్లూరు కార్పొరేషన్‌లో 54 డివిజన్లున్నాయి. వాటి నంబర్లు చీటీలు రాసి ఎనిమిదో పదో తీయండి, ఒక్కో డివిజన్లో రెండు వీధులు, వీధికి ఇరవై ఇళ్లు. మీకు తెలిసిన వీధికి పోవాలనిపిస్తుంది. పోవద్దు.

వీధిలో ఎట్లా నడవాలో కూడా ముందే తేల్చుకోండి. వార్డు సచివాలయంలో ఎడ్యుకేషన్ సెక్రటరీ ఉంటారు, ఇళ్ల సంఖ్య ఎంతో వాళ్ల దగ్గర తెలుసుకుని, ఇరవై ఇళ్లు రావాలంటే ఎన్నిటికి ఒకటి తీసుకోవాలో లెక్కేసుకోండి. గుడో, మసీదో, నీళ్ల ట్యాంకో ఒక గుర్తు పెట్టుకుని, కుడిచేతి వైపు నుంచి ప్రతి ఐదో ఇల్లు అనుకుందాం. తాళం వేసి ఉంటే ఇంకోసారి రావాలి గానీ పక్కింట్లో దూరకూడదు.

మా వాళ్లు చేసిన పెద్ద తప్పు ఒకటి చెబుతాను. మాగుంట లేఔట్ వైపు అపార్ట్‌మెంట్లు వచ్చినప్పుడు, ఐదో ఇల్లు, పదో ఇల్లు అని ఫ్లాట్లు లెక్కపెట్టుకుంటూ లిఫ్టులో పైకి పోయారు. ఫ్లాట్లలో పిల్లలందరూ కార్పొరేట్ స్కూళ్లలోనే. "సార్, ఆ ఏరియాలో మున్సిపల్ బడికి పోయేవాళ్లే లేరు" అని ఫారాలు తెచ్చిచ్చారు. కింద, కార్లు పెట్టేచోట, మెట్ల కింద గదిలో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. ముగ్గురు పిల్లలు. ఆ గదికి ఇంటి నంబరు లేదు. ఆ రోడ్డులో ఎన్ని అపార్ట్‌మెంట్లుంటే అన్ని కుటుంబాలు. పనులు వెతుక్కుంటూ వచ్చిన ఆ పిల్లలే మున్సిపల్ బడికి పోయేది, లేదా ఎక్కడికీ పోనిది. మళ్లీ పంపాను. అప్పటినుంచి మా ఫారంలో మొదటి గడి "తలుపులు ఎన్ని" అని పెట్టాం. తాళం ఉన్న ప్రతి తలుపూ, పరదా వేలాడే ప్రతి సందూ ఒక ఇల్లే. కట్టుబడి నడుస్తున్న భవనం దగ్గర ఇటుకల పక్కన వేసుకున్న రేకుల పాక కూడా.

ఏమని అడగాలి

"మీ ఇంట విద్యార్థులు ఎందరు?" అని అచ్చుకొట్టిన ఫారంలో ఉంటుంది. అట్లా అడిగితే బడికి పోయేవాళ్లనే చెబుతారు, మెకానిక్ షాపులో ఉన్నవాడిని చెప్పరు. మా ఊళ్లో "పిలకాయలు ఎంతమందమ్మా?" అని అడగాలి. "ఆరేళ్లది ఉందా, ఏడేళ్లది ఉందా" అని వయసు పెంచుకుంటూ పోండి. పెళ్లయిన పదహారేళ్ల పిల్లను తల్లి పిలకాయల్లో చెప్పదు. ఆమె కోసం "ఈ ఏడాది ఇంట్లోంచి ఎవరైనా పోయారా?" అని విడిగా అడగాలి.

"బాబు రోజూ బడికి పోతాడా?" అంటే ఎవరైనా "పోతాడు సార్" అనే అంటారు. "నిన్న పోయాడా? మొన్న?" అని అడగండి. "బడి మానేశాడా?" అన్న మాట తల్లి మొహం మీద కొట్టినట్టుంటుంది. "ఇప్పుడేం చేస్తుండాడమ్మా?" అంటే తనే చెబుతుంది. "ఈ బడికి ముందు ఏ బడి? ఎందుకు మార్చారు?" అన్న ప్రశ్నకు చోటు ఎక్కువ వదలండి. నగరంలో పిల్లలు బడి మానడం కంటే బడి మారడం ఎక్కువ. ఫీజు కట్టలేక కాన్వెంటు నుంచి మున్సిపల్‌కి, చేతిలో నాలుగు డబ్బులు ఆడితే మళ్లీ కాన్వెంటుకి. ట్యూషన్ సంగతి కూడా అడగండి, నెలకి ఎంత కడుతున్నారో.

పథకం డబ్బుల గురించి మీరు అడక్కపోయినా వాళ్లే ఎత్తుతారు. "తల్లికి వందనం మాకు పడలేదు సార్, రాసుకోండి" అని ఆధార్ కార్డు తెచ్చి చేతిలో పెడతారు. గుమ్మంలోనే చెప్పాలి: మేము సర్కారు నుంచి రాలేదు, మాకు చెప్పినందువల్ల ఏదీ రాదు, ఏదీ పోదు. అట్లా చెప్పకుండా తీసుకున్న జవాబుల్లో హాజరు ఎప్పుడూ బాగానే ఉంటుంది.

పిల్లవాడి చేత చదివించదలుచుకుంటే ఇంట్లో ఒప్పుకున్నాకే. రెండో తరగతి తెలుగు వాచకంలోని నాలుగు వాక్యాలు చాలు, అప్పు తీసుకునే తీసివేత ఒకటి. లెక్క రాకపోతే "యాభై నోటిచ్చి ముప్పై రెండు రూపాయల పాలపాకెట్టు తెస్తే ఎంత చిల్లర?" అని నోటితో అడగండి. కాగితం మీద తప్పినవాళ్లలో చాలామంది ఇక్కడ టక్కున చెబుతారు. రెండూ వేరువేరు గళ్లలో రాయండి. నాన్న పక్కన కూర్చుని "చెప్పరా, చెప్పు" అని గద్దిస్తుంటే ఆ జవాబు కొట్టేయండి.

ఫారం అచ్చుకు ఇచ్చేముందు పది ఇళ్లలో అడిగి చూడండి. మా మొదటి ఫారంలో ముప్పై ఎనిమిది ప్రశ్నలుండేవి. పది ఇళ్లు తిరిగాక పదిహేడయ్యాయి.

రెండూ పక్కపక్కన పెట్టడం

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఒక హైస్కూలు, దానికి పిల్లల్ని పంపే రెండు ప్రాథమిక బళ్లు తీసుకోండి. 2015-16లో ఒకటో తరగతిలో చేరినవాళ్ల పేర్లు అడ్మిషన్ రిజిస్టర్లలోంచి రాసుకోండి. వాళ్లు ఆగకుండా పోతే 2024-25లో పదిలో ఉండాలి. ఒక చోట మేము చేసినప్పుడు ఒకటిలో 40 మంది, తొమ్మిదేళ్ల తర్వాత పదిలో 38 మంది. మొత్తాలు చూసినవాడు "ఇద్దరే తగ్గారు, భేష్" అంటాడు. పేర్లు కలిపితే ఆ 38 మందిలో పాత 40లోని వాళ్లు 14 మందే. మిగిలిన 24 మందీ మధ్యలో వేరే బళ్ల నుంచి వచ్చినవాళ్లు. పోయిన 26 మంది ఎక్కడున్నారన్నదే మీ అధ్యయనం. టీసీ ఉన్నవాళ్లు ఏదో ఒక బడిలో ఉన్నట్టు. టీసీ తీసుకోనివాళ్ల ఇళ్లకు సర్వే ఫారంతో పోవాలి.

పేర్లు కలపడం మా జిల్లాలో తేలిక కాదు. పెంచలకోన స్వామి దయవల్ల తరగతికి ముగ్గురు పెంచలయ్యలుంటారు. ఒకటిలో శ్రీను, ఆరులో శ్రీనివాసులు, పదిలో ఇంటిపేరుతో సహా ఇంకోటి. పేరుతో పాటు తల్లి పేరు, పుట్టుమచ్చ చూడండి. తండ్రి పేరు కంటే తల్లి పేరు నికరంగా ఉంటుంది. పేరును బట్టి మతం రాసుకోవడం అసలు చేయొద్దు. కసుమూరు దర్గా మొక్కు వల్ల మస్తానయ్యలు, మస్తానమ్మలు హిందువుల ఇళ్లల్లో ఎంతమందో.

ఇంట్లో చెప్పినదానికీ బడిలో రాసినదానికీ తేడా వస్తే ఏది నిజం అని నన్ను అడుగుతారు. మూడో చోట అడగండి అంటాను. తల్లి పోతున్నాడంది, పట్టీలో ఉన్నాడు, అన్నం వండే అక్కకు మాత్రం వాడి మొహం తెలియదు. అప్పుడు ఫారంలో "తేలలేదు" అని రాయండి. ఆ గడి ఉండాలి. ఎన్ని తేలలేదో కూడా మీ రిపోర్టులో రాయాలి.

టీచర్లు చాలారా అన్న లెక్కకు రోలుతో ఒకసారి, తలలతో ఒకసారి భాగించి రెండూ చూపించండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమికంలో ముప్పై మందికి ఒకరు. రోలు లెక్కన చాలని బడి, తలల లెక్కన చాలొచ్చు. ఆ మాట బయట చెబితే పోస్టు పోతుందని హెచ్ఎం భయం, అది ఉత్త భయం కూడా కాదు. అందుకే బడి పేరు లేకుండా రాయడం.

అచ్చుకు ముందు హెచ్ఎంకి చూపించాలి. ఆ అమ్మాయి ఒక్క పేజీలో రాసి, ఆ గురువారం బడికే పట్టుకుపోయింది. మేడం కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదివారు. ముగ్గురి సంగతి దగ్గర ఆగి, ఏమీ అనలేదు. కాసేపటికి, "47 కూడా తప్పే సార్" అన్నారు. నాలుగో తరగతిలో ఇద్దరు అక్కచెల్లెళ్లు రికార్డు షీటు (ప్రాథమిక బడి ఇచ్చే టీసీ లాంటిది) లేకుండా వచ్చి రెండు నెలలుగా కూర్చుంటున్నారంట. పట్టీలో పేర్లు లేవు, అన్నం మాత్రం తెచ్చుకున్న గిన్నెలో పెట్టించుకుంటారు. మేం తలలు లెక్కపెట్టిన పూట ఇద్దరూ వరండాలో చీపురు పట్టుకుని ఉన్నారు. అమ్మాయి పెన్ను తీసి 47 కొట్టేసి 49 రాసింది. పక్కనే, రోలులో లేనివాళ్లకు ఒక కొత్త గడి గీసుకుంది.